మరో ప్రోగ్రాము మెమరీలోని విలువను పైథాన్‌తో చదవడం

ఒక చరరాశికి 500 అని విలువ ఇస్తే అది కంప్యూటరు మెమరీలో ఏదో ఒకచోట ఉంటుందని మీకు తెలుసు. అదే సమయంలో నడుస్తున్న మరో ప్రోగ్రాములోని విలువను మీ పైథాన్ స్క్రిప్టు చూడగలదా? లినక్స్‌లో చూడగలదు. అయితే ఎక్కడ చూడాలో తెలియాలి, చూడడానికి అనుమతి ఉండాలి.

ముందుగా సి భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాసుకోండి. అందులో మార్కులు అనే గ్లోబల్ పూర్ణాంక చరరాశి ఉండాలి. ప్రోగ్రాము మొదట దాని అడ్రసును తెరపై ముద్రించాలి. తర్వాత విలువ 500తో మొదలై సెకనుకు ఒకటి చొప్పున పెరగాలి.

ఊరి పేరు చెప్పకుండా 4-12 నంబరు ఇల్లు అంటే పోస్టుమాన్ ఎక్కడికని వెళతాడు? ఆ నంబరు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. మెమరీ అడ్రసులూ అంతే. ప్రతి ప్రాసెస్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా వర్చువల్ అడ్రసులు కేటాయిస్తుంది. ఒకే అడ్రసు రెండు ప్రాసెస్‌లలో రెండు వేర్వేరు స్థానాలను సూచించవచ్చు. కాబట్టి ప్రాసెస్ సంఖ్య కూడా చెప్పి కెర్నెల్‌ను అడగాలి.

లినక్స్ ఈ ఏర్పాటును ఫైళ్ల రూపంలో ఇచ్చింది. ప్రోక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్‌కూ దాని సంఖ్యే పేరుగా ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులోని మ్యాప్స్ ఫైలు ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసు వరకు మెమరీ వాడుకలో ఉందో చూపుతుంది. మెమ్ ఫైలు ద్వారా ఆ మెమరీనే చదవవచ్చు. దాన్ని బైనరీ పద్ధతిలో తెరిచి, సీక్‌తో అడ్రసుకు వెళ్లి, రీడ్‌తో నాలుగు బైట్లు తీసుకోవాలి. విలువ 500 ఉన్న క్షణంలో చదివితే, మనం వాడే సాధారణ కంప్యూటర్లలో 244, 1, 0, 0 అనే బైట్లు వస్తాయి. చిన్న స్థానం ముందు ఉంటుంది కనుక 244 + 1×256 = 500. ఈ లెక్కను స్ట్రక్ట్ మాడ్యూల్ చేసిపెడుతుంది. అవే బైట్లను దశాంశ సంఖ్యగా చదవమంటే సున్నాకు అతి దగ్గరి సంఖ్య వస్తుంది. బైట్లకు తమ రకం తెలియదు, చెప్పవలసింది మీరే.

ఒకసారి కౌన్సెలింగ్ తరగతికి ఒక విద్యార్థి అడ్రసును నోటు పుస్తకంలో జాగ్రత్తగా రాసుకుని వచ్చాడు. ముందురోజు పనిచేసిన స్క్రిప్టు ఆ రోజు పనిచేయలేదు. తప్పు అతనిది కాదు. చొరబాటుదారులు అడ్రసును ముందే ఊహించకుండా, కెర్నెల్ ప్రోగ్రామును ప్రతిసారీ వేరే చోట మొదలుపెడుతుంది. మారనిది దూరం ఒక్కటే. మ్యాప్స్‌లో ఆ ప్రోగ్రాము పేరున్న మొదటి వరుసలోని ప్రారంభ అడ్రసును చరరాశి అడ్రసు నుంచి తీసివేయండి. ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయనంత కాలం ఆ తేడా అలాగే ఉంటుంది.

ఇక అనుమతి. బ్రౌజరు మెమరీలో మీ పాస్‌వర్డు ఉండవచ్చు. మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రాము అయినా దాన్ని చదవగలిగితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే ఉబుంటులో యామా అనే భద్రతా మాడ్యూల్, మామూలు వినియోగదారుడి స్క్రిప్టు తాను ప్రారంభించిన ప్రాసెస్‌లను మాత్రమే చదవనిస్తుంది. కాబట్టి మీ సి ప్రోగ్రామును సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌తో స్క్రిప్టు నుంచే నడపండి. రూట్ అధికారంతో నడిపితే ఈ అడ్డు ఉండదు. అలవాటుగా మాత్రం అలా చేయకండి.

చాలామంది గంటల తరబడి తలపట్టుకునే చోటు మరొకటుంది. మొదటిసారి 503 వస్తుంది, ఎన్నిసార్లు చదివినా అదే 503. ప్రోగ్రాము ఆగిపోలేదు. పైథాన్ మీరు అడిగిన నాలుగు బైట్లతో పాటు చుట్టుపక్కలవి కూడా తెచ్చి తన బఫర్‌లో దాచుకుంటుంది. మళ్లీ అక్కడికే సీక్ చేస్తే ఆ పాత ప్రతినే ఇస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు బఫరింగ్‌ను సున్నా చేస్తే విలువ కదలడం కనిపిస్తుంది.

అభ్యాసం: ప్రోగ్రామును మూడుసార్లు నడిపి, ప్రతిసారీ చరరాశి అడ్రసును, ప్రారంభ అడ్రసును, వాటి తేడాను రాసుకోండి. తర్వాత మార్కులు కంటే ముందు మరో గ్లోబల్ చరరాశిని చేర్చి, మళ్లీ కంపైల్ చేసి తేడాను పోల్చండి.