కంట్రోల్ రూమ్ తెర తప్పు చెబితే బయట మనకేమవుతుంది?

షట్‌డౌన్ పనికి రిఫైనరీలోకి వెళ్ళే మన స్కాఫోల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లలో చాలామంది కంట్రోల్ రూమ్ లోపల ఎలా ఉంటుందో చూసి ఉండరు. అది ఇంజనీర్ల సంగతి, మనకెందుకు అనుకుంటాం. కానీ ఆపరేటర్ ముందున్న తెర సరిగ్గా లేకపోతే ముందు ప్రాణం మీదికి వచ్చేది బయట పనిచేసేవాళ్ళకే.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీలో, బీపీ రిఫైనరీలో అదే జరిగింది. ఆపిన యూనిట్‌ను మళ్ళీ స్టార్ట్ చేస్తూ 170 అడుగుల టవర్‌లోకి గంటల తరబడి ద్రవం పంపారు. కింద బయటికి పోయే దారి మూసే ఉంది. లెవెల్ మీటరేమో అడుగున పది అడుగుల లోపే కొలవగలదు. లోపల 158 అడుగులు నిండినా తెర మీద 8 అడుగులే, అదీ తగ్గుతున్నట్టు కనిపించింది. మోగాల్సిన రెండో అలారం మోగనేలేదు. లోపలికి ఎంత వస్తోందో ఒక తెర మీద, బయటికి ఎంత పోతోందో ఇంకో తెర మీద ఉన్నాయి. రెండూ పక్కపక్కనే ఉంటే తొట్టి నిండుతోంది, తూము మూసి ఉంది అని ఇట్టే తెలిసేది. పైగా ఆపరేటర్లు 29 రోజులకు పైగా సెలవు లేకుండా, రోజుకు 12 గంటల డ్యూటీలో ఉన్నారు. అలాంటివాళ్ళనే తప్పుపట్టడం నా లెక్కలో న్యాయం కాదు.

15 మంది చనిపోయారు, 180 మందికి గాయాలయ్యాయి. పోయినవాళ్ళందరూ కాంట్రాక్టు మనుషులే, యూనిట్ దగ్గర పెట్టిన ట్రైలర్లలో, వాటి పక్కన ఉన్నవాళ్ళు. స్టార్టప్ జరుగుతోందని వాళ్ళకెవరూ చెప్పలేదు.

అలారాలు ఎక్కువ పెడితే సరిపోతుందా? 1994లో బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో 275 అలారాలు వచ్చాయి. ఇద్దరు ఆపరేటర్లు ఏదని చూస్తారు? మంచి తెర మామూలు సంగతులను వెనక్కి పెట్టి, ముందు చూడాల్సినదాన్ని ముందు చూపిస్తుంది.

ఆ తెర మన చేతిలో లేదు. టూల్‌బాక్స్ మీటింగ్‌లో అడగడం మాత్రం మన చేతిలో ఉంది: ఈరోజు పక్కన ఏ యూనిట్ స్టార్ట్ చేస్తున్నారు? సైరన్ మోగితే ఎటు పోవాలి? మన విశ్రాంతి షెడ్డు ఎంత దూరంలో ఉంది?

సౌదీలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. అక్కడి కార్మిక చట్టం 81వ అధికరణ ప్రకారం, పనిచోట తీవ్రమైన ప్రమాదం ఉందని యజమానికి తెలిసీ సరిచేయకపోతే, నోటీసు లేకుండా పని మానేసినా మీకు రావాల్సినవి పోవు. "తెలిసీ" అన్నదే ఇక్కడ కీలకం. అందుకే ఫోర్‌మన్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. వాట్సాప్‌లో తేదీ, చోటు, ఫోటోతో పంపి, ఆ మెసేజ్ చెరపకుండా ఉంచుకోండి.