భాగ్యరెడ్డి వర్మను తలుచుకునే తీరు

పరిగి లాంటి పట్టణాల్లో నాయకుల జయంతి అంటే విగ్రహానికి పూలదండ, కూడలిలో ఫ్లెక్సీ, నాలుగు ప్రసంగాలు. అదంతా అక్కర్లేదని అనను. వెలివాడలో పుట్టిన మనిషి రూపం ఊరి నడుమ నిలబడటం పోరాడి సాధించుకున్న గౌరవం. కానీ హైదరాబాద్ రాజ్యంలో దళిత ఉద్యమానికి పునాది వేసిన భాగ్యరెడ్డి వర్మ ఏం చేశారో, ఎలా చేశారో ఆ పూలదండ చెప్పలేదు. ఆయన ఎంచుకున్న సాధనాలు కథాగానం, అచ్చు. ఆయన్ను తలుచుకోవడానికీ అవే తగినవి.

1888లో మాల కుటుంబంలో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన పద్దెనిమిదేళ్ల వయసులో, 1906లో, జగన్మిత్ర మండలి స్థాపించి హరికథలతో జనంలోకి వెళ్లారు. బడి గడప తొక్కనివ్వని మనుషుల చేతిలో కరపత్రం పెడితే ఏం లాభం? అందుకే ముందు కథ వినిపించారు, ఆ తర్వాత వాళ్ల పిల్లలకు బడులు తెరిచారు. 1911లో మాన్య సంఘం పెట్టి బాల్యవివాహాలు, తాగుడు, జోగిని ఆచారాలను ఎదిరించారు. 1931లో భాగ్యనగర్ పత్రిక తెచ్చారు. హరికథ గుడి మండపాల కళ కదా, అది దళితులకు ఎలా సొంతమవుతుందని అడగొచ్చు. ఎవరికి గుడి తలుపు మూశారో వాళ్ల మధ్యకే ఆయన ఆ కళను తీసుకొచ్చారు. అదే ఒక ధిక్కారం.

నల్లజాతి అమెరికన్ల హక్కుల పోరాటంలోనూ అచ్చుకు ఇలాంటి చోటే ఉంది. 1968లో మెంఫిస్ పారిశుధ్య కార్మికులు ‘నేను మనిషిని’ అని లావుపాటి అక్షరాలతో అచ్చువేసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు. వాళ్లకు తోడుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ నగరంలోనే కాల్చి చంపారు. మరుసటి ఏడు ఎలిజబెత్ కాట్లెట్ అనే నల్లజాతి చిత్రకారిణి నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ముఖాన్ని లినోలియం షీటు మీద చెక్కి అచ్చుతీశారు. మన బడి పిల్లలూ భాగ్యరెడ్డి వర్మ ముఖాన్ని ఇలాగే చెక్కి అచ్చుతీయొచ్చు. కంప్యూటర్ షాపులో గంటలో ఫ్లెక్సీ వస్తుంటే ఈ శ్రమ ఎందుకంటారా? చెక్కాలంటే ఆ ముఖాన్ని గీత గీతగా చూడాలి, పేరును అద్దంలో కనపడినట్టు తిప్పి రాయాలి. ఆ పని చేసిన పిల్లవాడు ఆ మనిషిని మరవడు. పైగా ఒక్కసారి చెక్కితే ఎన్నో కాగితాలు, ఇంటికొకటి అందుతుంది. ఫ్లెక్సీ వారంలో చిరిగిపోతుంది.

బొమ్మనూ కథనూ కలపడం తెలంగాణకు కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని విప్పి డక్కలి కళాకారులు మాదిగలకు వాళ్ల కులపురాణమైన జాంబపురాణం చెబుతారు. చిందు కళాకారులు యక్షగానం ఆడతారు. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది: మళ్లీ ఆ కులాల చేతికే డప్పు ఇచ్చి, అడుగున ఉన్నవాళ్లే ఆడి పాడాలంటే అది పాత వెట్టి కాదా? నిజమే, ఆ ప్రమాదం ఉంది. అందుకే కళాకారులను ఊరేగింపు ముందు నడిపించకుండా బడిలో గురువులుగా కూర్చోబెట్టాలి. ఉపాధ్యాయులకు ఇచ్చినట్టే వేతనం ఇవ్వాలి. అన్ని కులాల పిల్లలూ వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. బొమ్మలో, పాటలో చరిత్ర పలచబడుతుందనే భయానికి మందు కూడా అచ్చులోనే ఉంది: బొమ్మ వెనక ఆయన చేసిన పనులు, సంవత్సరాలు వేయొచ్చు.

జయంతి మే 22న, బడులు మూసి ఉండే ఎండాకాలంలో వస్తుంది. ఆయన కన్నుమూసింది 1939 ఫిబ్రవరి 18న. ఆ తేదీకి బడులు నడుస్తుంటాయి. పరిగి, తాండూరు, వికారాబాద్ సర్కారు బడులు సంక్రాంతి సెలవులు కాగానే చెక్కడం మొదలుపెడితే ఆ రోజుకు కాగితాలు సిద్ధమవుతాయి.