సున్నపుగడ్డలో దాగిన వేడి

కాల్చిన సున్నపుగడ్డపై చెంబెడు నీరు పోసిన ఏమగునో మీరందరును చూచియే యుందురు. కొద్దిసేపటిలో గడ్డ పగిలి, ఉబ్బి, సలసల ఉడికి ఆవిరి కక్కును. క్రింద మంట లేదు. పోసినది చన్నీరు. మరి ఈ వేడి ఎక్కడిది?

బట్టీలోనిది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినపుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. 100 కిలోల శుద్ధమైన రాయికి మిగులునది 56 కిలోల సున్నము మాత్రమే. రాయినుండి వాయువును విడదీయుటకు పట్టిన వేడి ఎక్కడికిని పోలేదు. రసాయనిక శక్తిగా నిలిచియున్నది. నీరు తగులగానే అందులో మూడవ వంతుకు పైగా ఒక్కసారిగా బయటపడును. ఒక కిలో మంచి సున్నమిచ్చు వేడి సుమారు 4 లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. తక్కిన భాగమో? గోడకు పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా మారునపుడు, చేతికి తెలియనంత మెల్లగా అదియు వచ్చును. ఊరి లెక్కలలో తప్పు దొరకవచ్చును గాని ఈ లెక్కలో దొరకదు.

బోర్డో మిశ్రమము చల్లు తోటల వారికి ఈ వేడితో చాల పని గలదు. నా ఉద్యోగపు తొలి యేడు ఒక నిమ్మతోటలో నేనే ఆ మందు కలిపితిని. సున్నము వానకాలమంతయు మూతి విప్పిన బస్తాలో నున్నది. నీరు పోసిన ఉడుకలేదు, కనీసము వెచ్చబడలేదు. “ఏమండీ, సున్నము చచ్చినట్లున్నదే!” అని ఆసామి అననే అనెను. సున్నము సున్నమే గదా యని నేను వినలేదు. కొద్ది రోజులలో లేత ఆకులు మాడి, పిందె రాలినది. ఆయన నన్నొక్క మాట అనలేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

జరిగినదేమనగా, ఆ సున్నము గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పట్టుకొని, తన వేడిని బస్తాలోనే పోగొట్టుకొని, చాలవరకు రాతిపొడి యైనది. రాతిపొడి మైలతుత్తపు తీవ్రతను సరిగా విరువజాలదు. కరిగియే మిగిలిన రాగి ఆకును కాల్చినది.

కనుక ఒక శాతము మందుకు 1 కిలో మైలతుత్తమును 50 లీటర్ల నీటిలో, మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలో కరిగించుడు. 1 కిలో క్రొత్త సున్నపుగడ్డలపై కొద్దికొద్దిగా నీరు చిలకరించుడు. చురుకుగా ఉడికిననే అది పనికివచ్చును. పూర్తిగా చల్లారిన పిమ్మట 50 లీటర్లు చేసి, వడకట్టి, మైలతుత్తపు నీటిని అందులో కలియబెట్టుచు పోయుడు. మెరయుచున్న ఇనుప కత్తిని ఒక నిమిషము ముంచి చూడుడు. ఎర్రని రాగి పట్టినచో మరికొంత సున్నపునీరు కలుపవలెను. ఆనాడు ఈ కత్తి పరీక్షయైనను చేసియుంటినా, తోట దక్కెడిది. కలిపిన మందును ఆనాడే చల్లవలెను.

యూరియా విషయము దీనికి తారుమారు. కరగుటకు కావలసిన వేడిని అది నీటినుండియే లాగికొనును. బిందె చల్లబడినదని ఎరువును శంకింపవలదు.

సున్నము ఉడుకుచుండగా ముఖము వంచి చూడరాదు. పిల్లలను దరికి రానీయరాదు. కంటిలో పడినచో నలుపక, నూనె మొదలగునవి వేయక, వెంటనే మంచినీటి ధారతో కనీసము 20 నిమిషములు కడిగి, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.