ఎఫ్16 పడితే బిల్లు ఎవరు కడతారు?

మీకు తెలుసా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో ‘ఏ’ భాగం మనం నింపేది, ‘బి’ భాగం ఆసుపత్రి నింపేది. సంతకం పెట్టమన్న చోట పెట్టేసి వచ్చేస్తాం గానీ, డబ్బు వచ్చేదీ రానిదీ చాలావరకు తేలిపోయేది ఆ ‘బి’ భాగంలోనే. అందులో ఐసీడీ-10 కోడ్, అంటే జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గుర్తు, రాయడానికి గళ్ళుంటాయి. ప్రధాన జబ్బుకు ఒకటి, అదనపు జబ్బుకు ఒకటి, తోడున్న రోగాలకు వేరే. ఇంకాస్త కిందికి వస్తే గాయం వల్ల చేరారా అన్న ప్రశ్న, అవునంటే కారణం ఏమిటన్న ప్రశ్న: తనకు తాను చేసుకున్నదా, రోడ్డు ప్రమాదమా, మత్తు పదార్థమో మద్యమో కారణమా? చివరిదానికి టిక్కు పడితే, పరీక్ష చేశారా, రిపోర్టు జతపరిచారా అని మళ్ళీ అడుగుతుంది.

సూరత్‌లోని పాండేసర జీఐడీసీ అంటే అద్దకం, ప్రింటింగ్ మిల్లుల పేట. ఆ చుట్టుపక్కల ఉధనా, లింబాయత్ దాకా మగ్గాల మీద బతుకుతున్న మనవాళ్ళు కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు. పిల్లలకు సూరత్ కార్పొరేషన్ తెలుగు బడులున్నాయి. క్లెయిమ్ ఫారం మాత్రం ఇంగ్లీషులోనే చేతికొస్తుంది. డిశ్చార్జి వేళ ఇంటివాళ్ళ నోట వచ్చే మాట ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు: “అన్నా, గా మత్తు ముచ్చట రాయొద్దని సారుకు జెర చెప్పరాదే.” రాస్తే ఏమవుతుంది, రాయకపోతే ఏమవుతుంది?

ఐసీడీ-10లో మత్తు వ్యవహారమంతా ఎఫ్10 నుంచి ఎఫ్19 వరకు వరసగా ఉంటుంది. సారా, బీరు ఎఫ్10. నల్లమందు జాతివి ఎఫ్11. గంజాయి, భంగు ఎఫ్12. నిద్రమాత్రలు ఎఫ్13. గుట్కా, బీడీ ఎఫ్17. థిన్నర్ లాంటివి పీల్చడం ఎఫ్18. ఎఫ్15 ఉత్తేజకాలది. అందులో కెఫీన్ కూడా ఉంది, అంటే రాత్రి పాళీలో కళ్ళు మూతపడకుండా తాగే చాయ్‌ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ వదల్లేదన్నమాట! ఇక ఎఫ్16 హాలూసినోజెన్లది: లేనివి కనిపించేలా, ఉన్నవి వేరేగా కనిపించేలా చేసే ఎల్‌ఎస్‌డీ, మ్యాజిక్ పుట్టగొడుగుల లాంటివి. శివరాత్రికి భంగు తాగి గోడలు కదిలాయన్నా కోడ్ ఎఫ్12 గానీ ఎఫ్16 కాదు.

మత్తు పదార్థాల వాడకంపై ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో హాలూసినోజెన్లు వాడుతున్నవాళ్ళు 0.12 శాతం. మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం. అందుకే మిల్లు పనివాడి ఫైల్లో ఎఫ్16 కనబడితే నేనైతే మనిషికన్నా ముందు ఆ కోడ్‌నే అనుమానిస్తాను.

ఎందుకంటారా? నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ బయల్దేరిన ఒకాయనకు పక్క సీటు మనిషి బిస్కెట్ ఇచ్చాడనుకోండి. బ్యాగు పోయింది, జేబు ఖాళీ, తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. బిస్కెట్లో ఉమ్మెత్త గింజల పొడి కలిపి ఉంటే నోరెండిపోతుంది, కంటిపాపలు విప్పారతాయి, మూత్రం బిగుసుకుంటుంది, గాల్లో దారాలు ఏరుతున్నట్టు వేళ్ళు కదులుతుంటాయి. హడావుడిలో కేస్‌షీట్ మీద ‘హాలూసినేషన్లు’ అన్న ఒక్క మాటే పడితే, దాన్ని చూసి ఎఫ్16 వేసేసే ప్రమాదం ఉంది.  నిజానికి ఇది వ్యసనం కాదు, విషప్రయోగం. దానికి టి వరస ఉంది. విషపు మొక్కల భాగాలు తింటే టి62.2, ఎల్‌ఎస్‌డీ వల్లయితే టి40.8, నిద్రమాత్రల్లోని బెంజోడయాజెపీన్ జాతి అయితే టి42.4. దాని పక్కనే ఎలా జరిగిందో చెప్పే మరో కోడ్ పడాలి. మందు పెట్టి ఎవరో చేసిన దాడి ఎక్స్85. హాలూసినోజెన్ పొరపాటున ఒంట్లోకి వెళ్తే ఎక్స్42, తానే కావాలని మింగితే ఎక్స్62, ఏదీ తేలకపోతే వై12. దోపిడీకి గురైన మనిషిని మత్తు బానిసగా రాసేస్తే పరువూ పోతుంది, క్లెయిమూ పోతుంది.

చుక్క తర్వాతి అంకె ఇంకా ముఖ్యం. .0 అంటే అప్పటి మత్తు, .1 హాని చేసే వాడకం, .2 బానిసత్వం, .5 మత్తు వల్ల వచ్చిన ఉన్మాదం. మందు మానేసి చాలాకాలమైనా ఆ దృశ్యాలు ఉన్నట్టుండి తిరిగొచ్చే ‘ఫ్లాష్‌బ్యాక్’లకు .7 కింద చోటుంది. .5కు కాలపరిమితి కూడా ఉంది: మామూలుగా మత్తు వాడిన 48 గంటల్లోపు మొదలై, నెలలో కొంతైనా తగ్గి, ఆరు నెలల్లో పూర్తిగా పోవాలి. పోలేదంటే అది వేరే జబ్బేమోనని డాక్టర్ మళ్ళీ చూడాలి, కోడ్ మారాలి. మొదటి రోజు రాసిన ఎఫ్16.5ను ఏడాది తర్వాత కూడా కాగితం నుంచి కాగితానికి ఎక్కిస్తూ పోవడం తప్పు.

ఇంత పట్టింపు దేనికంటే, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపులకు నంబర్లు పెట్టింది. వాటిలో పన్నెండోది మద్యం, డ్రగ్స్, ఏ వ్యసనమైనా సరే, వాటి చికిత్సకూ పర్యవసానాలకూ డబ్బు ఇవ్వనక్కర్లేదంటుంది. పాలసీ కాగితంలో ‘Excl12’ అని వెతకండి, దొరుకుతుంది. అదే మార్గదర్శకాల్లో మానసిక వ్యాధిని మినహాయించకూడదని కూడా ఉంది! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరింత దూరం వెళ్ళింది. అందులో మానసిక వ్యాధి నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కలిసి ఉన్నాయి. 21వ సెక్షన్ ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ బీమా ఒకే రీతిలో ఉండాలంటుంది. అంటే ఎఫ్16.5 ఉన్న రోగిని చట్టం లోపలికి రమ్మంటుంది, పన్నెండో మినహాయింపు గుమ్మంలోనే ఆపుతుంది. మానసిక రోగుల క్లెయిములను ఆ పేరుతో తోసిపుచ్చకూడదని 2021లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది గానీ, అది మత్తు కేసు కాదు.

నా మట్టుకు నాకు పన్నెండో మినహాయింపు మరీ వెడల్పుగా అనిపిస్తుంది. ‘పర్యవసానాలు’ అన్న మాట కింద ఏదైనా పడేయొచ్చు. అలాగని డాక్టర్ని అబద్ధం రాయమనడం దారి కాదు. రక్తపరీక్ష ఒకటి చెప్పి, కోడ్ ఇంకొకటి చెబితే క్లెయిమ్ ఎగిరిపోవడమే కాదు, మోసం కింద మొత్తం పాలసీయే రద్దవచ్చు. అడగాల్సింది వేరు: ఏ పదార్థమో, ఎలా ఒంట్లోకి వెళ్ళిందో, ఎప్పటి నుంచో విడివిడిగా రాయమనండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తన వైద్య రికార్డులు చూసే హక్కు రోగికి ఉంది. క్లెయిమ్ తోసిపుచ్చితే కంపెనీకి ఫిర్యాదు, అక్కడా పని కాకపోతే అహ్మదాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్.

ప్రభుత్వ ఆసుపత్రి మెట్లెక్కితే లెక్క మారుతుంది. సూరత్‌లో న్యూ సివిల్, కార్పొరేషన్ వారి స్మిమేర్ ఉన్నాయి. ఆయుష్మాన్ ప్యాకేజీల్లో మత్తు వల్ల వచ్చే మానసిక రుగ్మతలకు చోటుంది, అయితే అవి ప్రభుత్వ ఆసుపత్రులకే. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్ళకు చికిత్సతోపాటు జబ్బు సెలవులో 70 శాతం కూలి ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఉన్మాదం ఈఎస్ఐ వారి 34 దీర్ఘరోగాల జాబితాలో ఉంది. రెండేళ్ళ సర్వీసు ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా ఇచ్చే వీలుంది. ఇక పోలీసుల భయం: మానాలని తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసకు 1985 ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఏ కోడూ అడగరు.

విచిత్రమేమంటే, ఎఫ్16 లాంటి కోడ్లను రోజూ చూసే తెలుగువాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. అమీర్‌పేటలో కోర్సు చేసి అమెరికా ఆసుపత్రుల ఫైళ్ళకు కోడ్లు వేసే పిల్లలు వాళ్ళు. అమెరికా పుస్తకంలో ఫ్లాష్‌బ్యాక్‌తో కూడిన బానిసత్వానికి ఎఫ్16.283 అని ఆరక్షరాల కోడ్ ఉంది. హాలూసినోజెన్ మానేసినందుకు వచ్చే బాధలకు మాత్రం అక్కడ కోడే లేదు. అలాగే చాలా మత్తులకు డాక్టర్లు 11 లక్షణాలు చూస్తే, వీటికి 10 చూస్తారు. రెండు మూడుంటే తేలిక, నాలుగైదుంటే మధ్యస్థం, ఆరు, ఆ పైన ఉంటే తీవ్రం. ‘పోయినేడు ఒకసారి ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు’ అని ఉన్నంత మాత్రాన కోడ్ వేయకూడదు. దానివల్ల ఫలానా రుగ్మత వచ్చిందని డాక్టర్ రాసి ఉండాలి. దుర్వినియోగం, బానిసత్వం రెండూ రాసి ఉంటే బానిసత్వానికే వేయాలి.

2024 జనవరి 1 నుంచి ఆ పిల్లలు వాడే మరో పుస్తకంలోకి మూడు కోడ్లు వచ్చాయి: 0820టి, 0821టి, 0822టి. మానసిక చికిత్స కోసం ఇదే జాతి మందు ఇచ్చి, రోగి పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉన్నందుకు అవి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఎండీఎంఏ అనే మందుతో చేసే మానసిక చికిత్సకు అనుమతి నిరాకరించింది.