పదకొండు అరలూ, పెరిగే పట్టికా

తుఫాను వార్తలు వినే అలవాటున్న వారికి నిజాంపట్నం పేరు కొత్త కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, నిజాంపట్నం రేవులో ఫలానా నెంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్న వాక్యం పత్రికలో ఏదో ఒక మూల కనబడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను యీ వైపు పెద్దలు యింకా తలచుకుంటూనే వుంటారు. యిక్కడ నెంబరంటే వట్టి అంకె కాదు.

ఆ నెంబర్లు మొత్తం పదకొండు. మనం అన్నిటినీ ప్రమాద సూచికలనే అంటాం గాని, మొదటి రెండూ ఎక్కడో దూరాన సముద్రంలో గాలి లేచిందని చెప్పేవి. మూడు, నాలుగు రేవుకు స్థానికంగా చేసే హెచ్చరికలు. అయిదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండు వేరే జాతి: వాతావరణ కేంద్రంతో వార్తా సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం.

మీ యింట్లో అమ్మాయో, అబ్బాయో కాలేజీలో చేరి జావా అనే కంప్యూటరు భాష నేర్చుకుంటున్నారనుకోండి. నెంబరు చెబితే దాని అర్థం తెర మీద చూపే చిన్న ప్రోగ్రాము రాయాలి. పదకొండు అర్థాలనూ ఎక్కడ దాచడం? "అరే"లో అంటుంది పాఠ్యపుస్తకం. మాట యింగ్లీషుదే అయినా, మన బీరువా అరకు చుట్టంలాగా వినబడుతుంది. పని కూడా అలాంటిదే. ఒకే రకం సరుకు, ఒకే కొలత అరలు, ఒకదాని పక్కన ఒకటి, మధ్య సందు లేకుండా. చేయించేటప్పుడే ఎన్ని అరలో చెప్పాలి. తర్వాత పెంచడానికీ లేదు, తగ్గించడానికీ లేదు. పోపుల పెట్టెలో గిన్నెల్లాగా.

యీ కట్టుబాటు వల్ల ఒక లాభం వుంది. అరలన్నీ ఒకే వెడల్పు గనుక, మొదటి అర ఎక్కడుందో తెలిస్తే తొమ్మిదో అర ఎక్కడుందో ఒక్క గుణకారం, ఒక్క కూడికతో తేలిపోతుంది. వెతకడమంటూ లేదు. పది అరలున్నా, పది లక్షల అరలున్నా అదే శ్రమ.

అయితే జావాలో అరల లెక్క సున్నాతో మొదలవుతుంది. మొదటి అర మీద సున్నా, రెండో దాని మీద ఒకటి, పదకొండో దాని మీద పది. కొత్తవాళ్లు తడబడేది యిక్కడే. పదో నెంబరు సూచిక అర్థం కావాలని పది అని రాసివున్న అర తెరిస్తే, బయటికి వచ్చేది పదకొండో నెంబరు అర్థం! తీవ్రమైన తుఫాను రేవు మీదుగానో, దగ్గరగానో దాటబోతున్నదని చెప్పవలసిన చోట, వార్తలు అందడం లేదని చూపుతుంది. యంత్రం కిక్కురుమనదు, దాని దృష్టిలో అంతా సవ్యమే. అదే పదకొండు అని రాసిన అర కావాలంటే, అది లేదు గనుక జావా తప్పు చూపించి ఆగిపోతుంది. ఆగిపోయిన ప్రోగ్రాముకు భయపడనక్కరలేదు. తప్పు చెబుతూ నడిచే ప్రోగ్రాముకు భయపడాలి.

యిక సముద్రంలోకి వెళ్లిన పడవల పట్టిక సంగతి. సూచికలు ఎప్పుడూ పదకొండే గాని, పడవలు యీ రోజు ఎన్ని వెళతాయో తెల్లవారుజామున ఎవరు చెప్పగలరు? నూరు అరలు కడితే నూటొకటో పడవకు చోటు లేదు. వెయ్యి కడితే చాలా భాగం ఖాళీ. యిలాంటి చోట కావలసింది పెరిగే పట్టిక. జావాలో దాని పేరు అరేలిస్ట్. 1998లో ఆ భాషలో చేరింది.

యిది పెరగడం ఎలాగంటే, నిజానికి పెరగదు! లోపల వున్నది మళ్లీ మామూలు అరేయే. అది నిండగానే మరోచోట పెద్దది తీసుకుని, సామానంతా అక్కడికి చేరవేసి, పాతది వదిలేస్తుంది. బిడ్డలు పెరిగిన సంసారం పెద్ద అద్దె యింటికి మారినట్టు. ప్రతిసారీ ఒక్క అర ఎక్కువున్న యింటికే మారితే, వెయ్యి పేర్లు చేరేసరికి 4,99,500 సార్లు సామాను మోయాలి. ఒక అరతో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు యింటికి మారితే, మొత్తం మోతలు 1,023 మాత్రమే. ఎంత తేడా చూడండి! జావా రెట్టింపు కాక ఒకటిన్నర రెట్లు తీసుకుంటుంది: పది, పదిహేను, యిరవై రెండు, ముప్ఫయి మూడు. కొన్ని అరలు ఖాళీగా వుంటే వుండనీ అన్న గృహస్థు బుద్ధి అది.

యీ మార్పులేవీ వాడేవాడి కంట పడవు. "చేర్చు" అంటే చేరుస్తుంది, "ఎందరున్నారు" అంటే చెబుతుంది. సరుకునూ, సరుకు మీద చేయదగిన పనులనూ ఒకే మూటగా కట్టి, లోపలి తంటాలు బయటికి తెలియనివ్వకపోవడమే ఆబ్జెక్టు పద్ధతి. 1960లలో నార్వేలో సిమ్యులా అనే భాషతో యిది మొదలైంది.

అంతా తెలియకపోవడం కూడా ప్రమాదమే. తిరిగి వచ్చిన పడవల పేర్లు పట్టికలోంచి కొట్టేయాలి. మధ్యలో ఒక పేరు తీస్తే సందు వుండకూడదు గనుక, వెనకవన్నీ ఒక్కొక్క అర ముందుకు జరుగుతాయి. నాలుగో అరలోదీ, అయిదో అరలోదీ రెండు పడవలూ ఒడ్డు చేరాయనుకోండి. ప్రోగ్రాము నాలుగో అర చూసి పేరు తీసేసింది. అయిదులో వున్నది నాలుగులోకి జరిగింది. ప్రోగ్రాము అది గమనించకుండా అయిదుకు వెళ్లింది. అక్కడ యిప్పుడున్నది ఆరో అరలోంచి వచ్చిన పేరు. జరిగివచ్చిన పడవను ఎవరూ చూడలేదు. పడవ రేవులో కట్టేసి వుంటుంది, పట్టిక మాత్రం సముద్రంలోనే వుందంటుంది. తుఫాను రాత్రి ఆ పట్టిక చూసిన యింట్లో వాళ్ల గతి ఏమిటి?

విరుగుడు సులువే. చివరి అర నుంచి మొదటి అరకు వెనక్కి నడవాలి. అప్పుడు జరిగేవి అప్పటికే చూసేసినవే, చూడవలసినవి కదలవు. 2014లో వచ్చిన ఎనిమిదో జావా నుంచి "రిమూవ్ఇఫ్" అనే పని కూడా పట్టికకే నేర్పారు: ఒడ్డు చేరినవన్నీ తీసెయ్యి అంటే, ఒక్కటీ దాటవేయకుండా తానే తీసేస్తుంది.