మెకంజీలో 'జ' ఎక్కడిది? కొన్ని ఆంగ్ల, స్కాటిష్ ఇంటిపేర్లు

తెలుగు భాషా చరిత్ర చదివే విద్యార్థులకు బ్రౌన్, క్యాంబెల్, మెకంజీ, కాటన్ పేర్లు సుపరిచితాలు. ఇవన్నీ ఇంటిపేర్లు. మన ఇంటిపేరు ముందు వస్తే వారిది చివర వస్తుంది. బ్రౌన్ దొర సొంత పేరు చార్లెస్ ఫిలిప్. ఇలాంటి పేర్లకు నేటి ఇంగ్లీషు నిఘంటువు చూసి అర్థం చెప్పబోతే తరచు పొరపాటు పడతాం. పేరు ఏ కాలంలో, ఏ భాషలో ఏర్పడిందో ముందు చూడాలి.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించేనాటికి అక్కడి సామాన్యులకు వంశపారంపర్యమైన ఇంటిపేర్లు లేవు. ఊరికి పదిమంది జాన్‌లుంటే వృత్తిని బట్టో, ఉన్న చోటును బట్టో, తండ్రి పేరును బట్టో, రూపాన్ని బట్టో గుర్తుపట్టేవారు. 1377, 1379, 1381 సంవత్సరాల తలపన్ను జాబితాల్లో ఇలాంటి పేర్లు వేలకొద్దీ కనిపిస్తాయి. ఆ గుర్తులే క్రమంగా తండ్రి నుంచి పిల్లలకు సంక్రమించాయి.

స్మిత్ అంటే కమ్మరి. ఇది తేలికే. వాకర్ అంటే మాత్రం నడిచేవాడు కాదు. నేసిన ఉన్నిబట్టను నీటిలో వేసి, కాళ్ళతో తొక్కి చిక్కబరిచే పనివాడు. అదే పనివాణ్ణి ఆగ్నేయ ఇంగ్లండులో ఫుల్లర్ అనీ, నైరుతిలో టక్కర్ అనీ అన్నారు. కాబట్టి ఈ పేర్లు వృత్తితోపాటు ప్రాంతాన్ని కూడా సూచిస్తాయి.

గోదావరిపై 1847-52 మధ్య ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు. పత్తి అనే అర్థమున్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఇంటిపేరు పాత ఆంగ్లపు 'కాటుమ్' నుంచి వచ్చింది. 'గుడిసెల దగ్గర' అని అర్థం. అలాంటి పేరున్న పల్లెలు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. వేమూరు 'వేమూరి' అయినట్టే ఇక్కడా ఊరిపేరులో విభక్తి రూపం నిలిచిపోయింది. తమిళనాడులోని తెలుగు కుటుంబాల్లో రికార్డుల్లో తండ్రి పేరు పొడి అక్షరమే మిగిలినా, పెళ్ళి మాటల దగ్గర అడిగే ఇంటిపేరులో ఎన్నడో విడిచివచ్చిన ఊరు దాగి ఉండవచ్చు.

స్కాట్లండు ఉత్తర భాగాల పేర్లకు గేలిక్ భాష చూడాలి. అందులో 'మాక్' అంటే కొడుకు. కైఫియతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ లూయిస్ ద్వీపంవాడు. ఆయన ఇంటిపేరుకు 'కోన్యఖ్ కొడుకు' అని అర్థం. మరి 'జ' ఎక్కడిది? పాత స్కాట్స్ రాతలో 'య'కు దగ్గరైన ధ్వనికి 3 అంకెలాంటి అక్షరం ఉండేది. అచ్చువారి దగ్గర ఆ అక్షరం లేక 'జెడ్' వేశారు. చదివేవారు రాసినట్టే పలికారు. మన పుస్తకాల్లోకి అదే వచ్చింది! 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంబెల్ ఇంటిపేరు పూర్వం ఎవరికో పెట్టిన ఎగతాళి పేరు: 'వంకర నోరు' అని. వంశానికి పేరు తెచ్చిన ఆ నోరు ఎవరిదో గాని, ఆ వంశం స్కాట్లండులో మహా బలమైనదయింది.

ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే రక్తమనుకోరాదు. నాయకుడి భూమిలో బతికేవారు ఆయన ఇంటిపేరు పెట్టుకోవడం అక్కడ మామూలే. మాక్‌గ్రెగర్ల కథ ఇందుకు విరుద్ధమైనది. 1603లో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర జరిగిన పోరులో వారు కొల్హూన్ వంశీయులను ఊచకోత కోశారు. ఆ ఏడే రాజు ఆరవ జేమ్స్ ప్రభుత్వం వారి ఇంటిపేరునే నిషేధించింది. ఆ పేరు పెట్టుకుంటే మరణశిక్ష. వారు ముర్రే, గ్రేమ్, డ్రమ్మండ్ వంటి పేర్ల చాటున బతికారు. రాబ్ రాయ్ తల్లి వైపు పేరైన క్యాంబెల్‌ను వాడుకున్నాడు. మధ్యలో 1661లో నిషేధం ఎత్తివేసి, 1693లో మళ్ళీ పెట్టారు. పూర్తిగా రద్దయింది 1774లో. అప్పటికి నాలుగైదు తరాలు గడిచాయి. కొందరు పాతపేరుకు తిరిగివచ్చారు. మిగిలినవారి సంతతి అరువు పేర్లతోనే ఉండిపోయింది.