అర్జీకి ఫొటో పెట్టాలా, పీడీఎఫ్ పెట్టాలా? ఫైలు రకాల్లో తేడాలు తెలుసుకోండి

పథకానికి దరఖాస్తు చేశారు. పత్రాలన్నీ ఇచ్చారు. కొన్ని రోజులకు "పత్రం స్పష్టంగా లేదు" అనో, "ఫైలు తెరుచుకోవడం లేదు" అనో వెనక్కి వచ్చింది. ఇలాంటప్పుడు లోపం మీ అర్హతలో ఉండకపోవచ్చు, పంపిన ఫైలులో ఉండొచ్చు. ఫోన్లో చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ లోపల ఒక్కోటి ఒక్కో రకం.

ఫైలు రకం ఎలా తెలుస్తుంది?

ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే మూడు, నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు చూడండి. జేపీజీ, పీఎన్‌జీ అని ఉంటే అది బొమ్మ. పీడీఎఫ్ అంటే పేజీల రూపంలో ఉన్న పత్రం. డాక్, డాక్స్ అంటే వర్డ్‌లో టైపు చేసినది. ఒక మాట ముందే చెబుతున్నాం: పేరు చివర జేపీజీ తీసేసి పీడీఎఫ్ అని రాసినంత మాత్రాన ఫొటో పీడీఎఫ్ అయిపోదు. డబ్బా మీద చీటీ మారుస్తే లోపలి సరుకు మారదు కదా. అలా పేరు మార్చిన ఫైలు అప్‌లోడ్ అయినట్టే కనిపిస్తుంది, అవతల అధికారి దగ్గర మాత్రం తెరుచుకోదు.

ఫొటోల సంగతి

జేపీజీ, జేపీఈజీ రెండూ ఒకటే. పాత కంప్యూటర్లలో చివర మూడక్షరాలకే చోటు ఉండేది, అందుకని ఒక అక్షరం తగ్గించి రాశారు, అంతే. దీని గురించి కంగారు పడక్కర్లేదు.

జేపీజీ తక్కువ చోటు పట్టడానికి బొమ్మలోని సన్నని వివరాలు కొన్ని వదిలేస్తుంది. మనిషి ముఖానికైతే ఆ తేడా పెద్దగా తెలియదు. పాస్‌బుక్‌లో ఖాతా నంబరుకు తెలుస్తుంది. కుదించిన ఫొటోనే మళ్లీ మళ్లీ కుదిస్తూ పోతే అక్షరాల అంచులు అలుక్కుపోయి 3 ఏదో 8 ఏదో చెప్పలేని స్థితి వస్తుంది. డబ్బు వేరే ఖాతాకు పోయే ప్రమాదం అక్కడే ఉంది. పీఎన్‌జీ ఏ వివరమూ వదలదు, కానీ ఫైలు బరువు పెరుగుతుంది.

వాట్సాప్‌లో పాస్‌బుక్ ఫొటోను మామూలు ఫొటోలా పంపితే అది దాన్ని కుదించే పంపుతుంది. అందుకే పేపర్ క్లిప్ గుర్తు నొక్కి, 'డాక్యుమెంట్' ఎంచుకుని పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. పిల్లల ఐఫోన్‌తో తీసిన ఫొటో 'హెచ్ఈఐసీ' అనే వేరే రకంలో ఉండొచ్చు. దాన్ని అన్ని వెబ్‌సైట్లూ తీసుకోవు. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే అప్పటి నుంచి తీసేవి జేపీజీలో వస్తాయి.

వర్డ్ ఫైలు ఎందుకు వద్దంటారు?

డాక్ పాత రకం, డాక్స్ 2007 నుంచి వచ్చిన కొత్త రకం. రెండూ దిద్దుకోవడానికి పుట్టినవే, కాబట్టి ఎవరైనా మార్చేయొచ్చు. పైగా మన తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. నెట్ సెంటర్‌లో ఒక ఫాంట్‌తో టైపు చేసిన అర్జీ, ఆ ఫాంట్ లేని ఆఫీసు కంప్యూటర్లో డబ్బాలు డబ్బాలుగానో, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగానో కనిపించొచ్చు. పీడీఎఫ్ చేసేటప్పుడు అక్షరాల రూపం కూడా ఫైలులోకి చేర్చుకుంటుంది, అందుకే ఎక్కడ తెరిచినా సాధారణంగా ఒకేలా ఉంటుంది. అర్జీ టైపు చేయించాక "పీడీఎఫ్‌గా ఇవ్వండి" అని అడిగి తీసుకోండి.

పీడీఎఫ్‌లన్నీ ఒకటి కావు

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. కాగితాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి చేసిన పీడీఎఫ్ ఒకటి. అది నిజానికి ఫొటోకు వేసిన తొడుగు. రేషన్ కార్డు జిరాక్స్, పాస్‌బుక్ మొదటి పేజీ లాంటి వాటికి ఇది చాలు. రెండోది ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి నేరుగా దిగిన పీడీఎఫ్. ఈ-ఆధార్‌లో ఉన్నట్టు ఇందులో డిజిటల్ సంతకం ఉండొచ్చు. ఆ సంతకం కంటికి కనిపించే బొమ్మ కాదు, ఫైలు లోపల ఉండే గుర్తు. దిగాక ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా అది పట్టిస్తుంది.

అలాంటి పత్రానికి స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఏమవుతుంది? అక్షరాలు వస్తాయి, సంతకం రాదు. ప్రింట్ తీసి మళ్లీ స్కాన్ చేసినా అంతే. అందుకే దిగిన ఫైలును అలాగే దాచుకోండి, అలాగే పంపండి. ఈ-ఆధార్ మీద సంతకం దగ్గర ప్రశ్నార్థకం గుర్తు కనిపిస్తే నకిలీ అనుకోకండి. ఆ కంప్యూటర్లో సంతకాన్ని ఇంకా సరిచూడలేదని దాని అర్థం.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు తాళం ఉంటుంది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. సాయి కుమార్, 1990 అయితే ఎస్, ఏ, ఐ, కె, ఆ పక్కన 1990. మనవాళ్లకు పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఉంటుంది కదా, ఆధార్‌లో 'పి. కుమార్' అని ఉంటే చుక్కను కూడా లెక్కపెట్టాలి: పి, చుక్క, కె, యు. నిజం చెప్పాలంటే మీ పేరు, పుట్టిన ఏడు తెలిసిన ఎవరైనా ఈ తాళం తీసేయగలరు. కాబట్టి ఆ ఫైలును గ్రూపుల్లో పెట్టకండి.

డిజిలాకర్‌లోనూ ఇదే తేడా. 'ఇష్యూడ్' విభాగంలోనివి ఆయా శాఖలు జారీ చేసినవి, చట్టం దృష్టిలో అసలు పత్రాలతో సమానం. మీరు ఫొటో తీసి ఎక్కించినవి మీ దగ్గరున్న నకలు మాత్రమే.

సైజు ఎక్కువైంది అంటే?

1 ఎంబీ అంటే 1024 కేబీ. పరిమితి ఒక్కో వెబ్‌సైట్‌కు ఒక్కోలా ఉంటుంది, అప్‌లోడ్ బటన్ పక్కనే రాసి ఉంటుంది. స్కాన్ ఫైలును కుదించుకోవచ్చు, కుదించాక నంబర్లు చదవగలుగుతున్నామో లేదో పెద్దది చేసి చూసుకోండి. సంతకం ఉన్న పీడీఎఫ్‌ను మాత్రం కుదించొద్దు. ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో ఆధార్ ఎక్కించి కుదించడం అసలే వద్దు, సచివాలయంలోనో మీసేవలోనో అడగండి.

ఏపీకే వస్తే ముట్టుకోవద్దు

"పీఎం కిసాన్ జాబితా", "కొత్త లబ్ధిదారుల పేర్లు" అంటూ వాట్సాప్‌లో ఫైళ్లు తిరుగుతుంటాయి. పేరు మధ్యలో పీడీఎఫ్ అని ఉన్నా, ఆఖరి చుక్క తర్వాత ఏపీకే అని ఉంటే అది పత్రం కాదు, ఫోన్లోకి ఎక్కే యాప్. మీ మెసేజీలు చదివి, ఓటీపీలు పట్టుకుని, ఖాతా ఖాళీ చేయడానికి మోసగాళ్లు వాడేది దీన్నే. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే నమ్మకండి, వాళ్ల ఫోను అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండొచ్చు. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి ఉంటే వెంటనే ఫోన్లో నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.